రెండేళ్లు నిండినా మాటలు రాని పిల్లలు: విశాఖ తల్లిదండ్రుల అనుభవాలు

ఎంవీపీ కాలనీ అమ్మ:
మా బాబుకు రెండేళ్లు నిండాయి. "అమ్మ", "తాత", "బువ్వ" తప్ప మరో మాట లేదు. కావలసినదాన్ని వేలితో చూపిస్తాడు, మేము చెప్పేది అర్థం చేసుకుంటాడు. మగపిల్లలకు మాటలు ఆలస్యమేనని, మూడేళ్ల వరకు ఆగమని పెద్దలు అంటున్నారు. వసకొమ్ము అరగదీసి నాకించమని మా అత్తగారి పట్టుదల. ఈ దశను దాటినవారు ఏం చేశారో దయచేసి తెలియజేయండి.

గాజువాక నాన్న:
ఆగవద్దండి. మా పాపను పిల్లల వైద్యులు మొదట వినికిడి పరీక్షకే పంపారు. పిలిస్తే పలికే పిల్లకు చెవుల పరీక్ష ఎందుకని ఇంట్లో అందరూ అడిగారు. కానీ తరచూ జలుబు చేయడం వల్ల కర్ణభేరి వెనుక నీరు చేరి, చప్పుడు తెలుస్తున్నా మాట స్పష్టంగా అందడం లేదని ఆ పరీక్షలోనే తేలింది. నగరంలో ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రి ఉంది. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అంగన్‌వాడీల్లో కూడా పిల్లల ఎదుగుదలను ఉచితంగా పరీక్షిస్తారు.

స్పీచ్ థెరపిస్టు, సీతమ్మధార:
రెండేళ్లకు సుమారు 50 మాటలు, "అమ్మా రా", "పాలు ఇవ్వు" వంటి జంట మాటలు రావాలని చూస్తాం. మీ బాబు వేలితో చూపడం, చెప్పింది గ్రహించడం మంచి సూచనలే అయినా, అవి పరీక్షను వాయిదా వేయడానికి కారణం కావు. పేరు పిలిచినా తిరిగి చూడకపోవడం, వచ్చిన మాటలు పోవడం కనిపిస్తే ఒక్క వారం కూడా ఆగకూడదు. వస మానేయండి, దానివల్ల వాంతులైన సందర్భాలు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి.

ఇంట్లో "ఇదేమిటి, చెప్పు" అని పరీక్ష పెట్టడం తగ్గించి, బిడ్డ దేనిని చూస్తున్నాడో దాని గురించి, వాడి ముఖానికి ఎదురుగా కూర్చుని, చిన్న వాక్యాల్లో మీరే మాట్లాడండి. వాడు "బస్సు" అంటే "ఎర్ర బస్సు వచ్చింది" అని ఒకటి రెండు మాటలు చేర్చండి. "అరటిపండా, బిస్కెట్టా?" అని రెండూ చూపించి, మనసులో అయిదు లెక్కపెట్టే వరకు మౌనంగా ఉండండి. పెద్దలకు అన్నిటికంటే కష్టమైనది ఈ మౌనమే. ఇక ఫోను సంగతి: రెండు నుంచి నాలుగేళ్ల వారికి తెర ముందు గంటకు మించవద్దని, అంతకన్నా తక్కువైతే మరీ మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సూచించింది.

మధురవాడ అమ్మ:
మావారు నౌకాదళంలో ఉన్నారు, ఆయనది హిందీ, నాది తెలుగు. ఒక భాష మానేయమని చాలామంది చెబుతున్నారు.

స్పీచ్ థెరపిస్టు, సీతమ్మధార:
మానవలసిన పని లేదండి. రెండు భాషలు వినడం వల్ల మాటలు ఆలస్యం కావు. రెండింటిలోని మాటలనూ కలిపి లెక్కించండి.

ఎంవీపీ కాలనీ అమ్మ:
ఈ వారమే వినికిడి పరీక్షకు తీసుకువెళతాం. బాబు కుదురుగా కూర్చోడు, ఎలా?

గాజువాక నాన్న:
చెవి నుంచి మెదడుకు శబ్దం అందుతోందో లేదో చూసే బెరా పరీక్షను నిద్రలోనే చేస్తారండి. ఆ రోజు మధ్యాహ్నం నిద్రవేళకు సమయం అడగండి, దారిలో కారులో నిద్రపోనివ్వకండి.