నడక తగ్గించి ధ్యానం చేయడం పెద్దవాళ్లకు మంచిదేనా?

ఉదయపు నడక:
మా అమ్మకు 71 ఏళ్లు. రోజూ 40 నిమిషాలు నడిచేది. పేర్లు గుర్తురావడం లేదని ఈమధ్య బెంగ పెట్టుకుంది. ధ్యానం కూడా తోడైతే జ్ఞాపకశక్తి పెరుగుతుందని ఎవరో చెప్పారట. నడక 20 నిమిషాలకు తగ్గించి, మిగతా సమయం ధ్యానంలో కూర్చుంటోంది. ఇది సరైనదేనా?

మౌనం:
రెండూ ఉండాలమ్మా. నాకు 68. రిటైరయ్యాక నిద్ర కరువైంది. ఎంత నడిచినా ఒళ్లు అలిసేది గానీ ఆలోచనలు ఆగేవి కావు. పడుకునే ముందు ఊపిరి మీద ధ్యాస పెట్టడం అలవాటయ్యాకే టెన్షన్ తగ్గింది.

గట్టి కాళ్లు:
మౌనం గారూ, మీ నిద్ర సంగతి నమ్ముతాను. కానీ ఇక్కడి ప్రశ్న జ్ఞాపకశక్తి గురించి. 2022లో 'జామా' వైద్య పత్రికలో ఒక పెద్ద పరిశోధన వచ్చింది. మతిమరుపు వస్తోందని బెంగపడుతున్న 65 నుంచి 84 ఏళ్లవాళ్లు 585 మందిని నాలుగు జట్లు చేశారు. ఒక జట్టుకు ధ్యానం, ఒకదానికి వ్యాయామం, ఒకదానికి రెండూ, నాలుగోదానికి ఆరోగ్య పాఠాలు మాత్రమే. ఆరు నెలల తర్వాత చూస్తే, జ్ఞాపకశక్తి పరీక్షల్లో పాఠాలు విన్నవాళ్ల కంటే మిగతావాళ్లు చెప్పుకోదగ్గంత మెరుగుపడలేదు. రెండూ చేసినవాళ్లూ అంతే.

నాకు భయం వేరే. ఈ వయసులో పడితే తుంటి ఎముక విరుగుతుంది, మంచం పట్టిస్తుంది. 65 దాటినవాళ్లు వారానికి కనీసం 150 నిమిషాలు ఓ మోస్తరు వేగంతో వ్యాయామం చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. దాంతోపాటు కనీసం రెండు రోజులు కండరాల బలానికి, మూడు రోజులు ఒళ్లు తూలకుండా నిలదొక్కుకోవడానికి కూడా చేయాలట. అమ్మగారి 20 నిమిషాలు రోజూ సాగినా 140కే ఆగుతాయి. బలం కసరత్తులు అసలే లేవు.

మౌనం:
అలాగైతే తాయ్ చీ అనే చైనా వ్యాయామం మాటేమిటి? అందులో నెమ్మదైన కదలిక, ధ్యాస కలిసే ఉంటాయి. 70 దాటి, పడిపోయే ప్రమాదం ఉన్న 670 మంది మీద చేసిన పరిశోధన 2018లో వచ్చింది. ఆరు నెలల్లో, స్ట్రెచింగ్ చేసినవాళ్ల కంటే తాయ్ చీ చేసినవాళ్లు పడిపోవడం 58 శాతం తక్కువ.

గట్టి కాళ్లు:
దానికి నేనూ ఒప్పుకుంటాను. అక్కడ ధ్యాస కదలికతోపాటే వచ్చింది, కదలికను తగ్గించి కాదు. ధ్యానం మాననక్కర్లేదు, నడక సమయం మాత్రం ముట్టుకోవద్దు.

ఉదయపు నడక:
ఇద్దరికీ థాంక్స్. ఇవాళ సాయంత్రమే అమ్మతో మాట్లాడతాను. నడక మళ్లీ 40 నిమిషాలు, ధ్యానం రాత్రికి. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం నేనూ పక్కనే ఉండి చేయిస్తాను. పేర్లు మరిచిపోవడం గురించి డాక్టరుకూ చూపిస్తాం.