ఈపీ (ఎలక్ట్రోఫిజియాలజీ, అంటే గుండెలో కరెంటు తేడాలు చూసే) డాక్టర్ ఫెలోషిప్ గురించి ఎలా తెలుసుకోవాలి?

మా అమ్మకు 58 ఏళ్లు. బట్టలు ఆరేస్తూనో, కూర తరుగుతూనో ఉండగా ఉన్నట్టుండి గుండె దడదడ కొట్టుకుంటుంది. పావుగంటకు దానంతటదే ఆగిపోతుంది. పోయిన వారం దడ ఉండగానే ఈసీజీ తీయించాం, నిమిషానికి 180 చూపించింది. ఎస్‌వీటీ (గుండె పైభాగంలో కరెంటు తేడా వల్ల వచ్చే దడ) అన్నారు. ఈపీ స్టడీ చేసి (సన్నని తీగలు గుండెలోకి పంపి తేడా ఎక్కడుందో చూసి), అవసరమైతే అప్పుడే అబ్లేషన్ (ఆ చోటును కాల్చేయడం) చేసేస్తారట.

డాక్టరుగారి బోర్డు మీద ఎంబీబీఎస్, ఎండీ, డీఎం కార్డియాలజీ, కింద చిన్న అక్షరాల్లో 'ఫెలో ఇన్ ఈపీ' అని ఉంది. ఎండీ మూడేళ్లు, డీఎం ఇంకో మూడేళ్లు, అది తెలుసు. మామూలుగా స్టెంట్లు వేసే డాక్టర్లూ డీఎం చేసినవాళ్లే కదా. గుండెలో కరెంటు తేడాలు చూడటానికి ఆ తర్వాత విడిగా ఫెలోషిప్ చేస్తారట. మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ చూశాను, బాగానే ఉంది. కానీ ఫెలోషిప్ సంగతి అందులో కనిపించలేదు.

అది ఎక్కడ, ఎన్నాళ్లు చేశారు, ఇప్పటిదాకా ఇలాంటివి ఎన్ని చేశారు అని మొహం మీదే అడగొచ్చా? "డాక్టర్నే ఇంటర్వ్యూ చేస్తావేంట్రా" అని నాన్న కసురుతున్నారు. నాకేమో టెన్షన్.

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో చేయించుకున్నవాళ్లు ఉంటే, మీరేం అడిగారో కాస్త చెప్పండి. సోమవారంలోగా డేట్ ఖాయం చేయాలి.