సప్లై చైన్ పరిశోధన దారి చూపిందా, సంఘటనల వెంట నడిచిందా?

చర్చాంశం: లాజిస్టిక్స్ (సరుకు రవాణా, నిల్వ), సప్లై చైన్ (ముడిసరుకు నుంచి కొనుగోలుదారు వరకు సాగే సరఫరా గొలుసు) రంగంలో నూరేళ్లకు పైగా సాగిన పరిశోధన పరిశ్రమకు ముందుగా దారి చూపిందా, లేక జరిగిపోయినవాటికి వివరణలు మాత్రమే సమకూర్చిందా? సభ్యులు ఆధారాలతో తమ వాదన వినిపించగలరు.

మొదటి సభ్యుడు: ఈ శాస్త్రం పరిశ్రమ వెనుకే నడిచిందని నా అభిప్రాయం. 1956లో అమెరికా రవాణా వ్యాపారి మాల్కమ్ మెక్‌లీన్ ఐడియల్-ఎక్స్ ఓడ మీద 58 కంటైనర్లను నెవార్క్ నుంచి హ్యూస్టన్‌కు పంపింది ఏ పరిశోధనా పత్రాన్నో చదివి కాదు. టయోటాలో తైచీ ఓనో తీర్చిదిద్దిన జస్ట్ ఇన్ టైమ్ పద్ధతిని (నిల్వలు పేర్చుకోకుండా, అవసరమైనప్పుడే సరుకు తెప్పించుకోవడం) విశ్వవిద్యాలయాలు ఆ తరువాతే అధ్యయనం చేశాయి. 'సప్లై చైన్ మేనేజ్‌మెంట్' అన్న పేరును సైతం 1982లో ప్రచారంలోకి తెచ్చినది కీత్ ఆలివర్ అనే కన్సల్టెంటు. 2020 వరకు ఖర్చు తగ్గింపు తప్ప మరొకటి పట్టని రంగం, కోవిడ్ దెబ్బ తగిలాక అంతరాయాల గురించి మాట్లాడడం మొదలుపెట్టింది.

రెండవ సభ్యురాలు: పై సభ్యుడు గారు చెప్పిన మొదటి మూడు ఉదాహరణలూ నిజమే గానీ, వాటి నుంచి ఆయన తేల్చిన నిర్ణయంతో ఏకీభవించలేను. లారీలను ఏ దారిలో ఎన్ని తిప్పాలన్న సమస్యను డాంట్‌జిగ్, రామ్‌సర్ అనే పరిశోధకులు 1959లోనే గణితంగా మలిచారు. ఈనాటి డెలివరీ సాఫ్ట్‌వేర్ పరిష్కరించేది ఆ సమస్య విస్తరించిన రూపాలనే. అంతకు ఒక ఏడాది ముందు జే ఫారెస్టర్ అనే పరిశోధకుడు, చిల్లర అమ్మకాల్లో వచ్చిన చిన్న మార్పు టోకు వ్యాపారిని దాటి కర్మాగారానికి చేరేసరికి ఎంత పెద్ద ఊగిసలాటగా మారుతుందో నమూనా కట్టి చూపించారు. ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్ సంస్థ తన డైపర్ల ఆర్డర్లలో సరిగ్గా దీన్నే గమనించింది: పసిపిల్లల వాడకం ఇంచుమించు నిలకడగా ఉన్నా, పంపిణీదారుల ఆర్డర్లు మాత్రం విపరీతంగా పెరుగుతూ తరుగుతూ వచ్చాయి. దీనికి గల నాలుగు కారణాలను, అంటే డిమాండ్ అంచనాలను మాటిమాటికీ సవరించుకోవడం, ఆర్డర్లను పోగేసి ఒకేసారి పెట్టడం, ధరల హెచ్చుతగ్గులు, సరుకు కొరత ఉన్నప్పుడు అవసరానికి మించి అడగడం అన్నవాటిని, లీ, పద్మనాభన్, వాంగ్ అనే పరిశోధకులు 1997లో విశ్లేషించారు. ఫారెస్టర్ హెచ్చరిక అప్పటికి 39 ఏళ్ల పాతది.

లోపం ఎక్కడుందో కూడా చెప్పాలి. ఒక్కోసారి ఎంత సరుకు ఆర్డరు పెట్టాలో తేల్చేందుకు 1913లో ఫోర్డ్ హ్యారిస్ అనే ఇంజనీరు ఇచ్చిన ఆర్డరు పరిమాణ సూత్రంలో వాడకం, ఆర్డరు ఖర్చు, నిల్వ ఖర్చు ఉన్నాయే తప్ప, సరఫరాదారు సరుకు పంపలేకపోతే ఏమవుతుందన్న ప్రశ్నకు చోటు లేదు. ఆ సరళత బోధనకు ఎంతో మేలు చేసింది, ఆలోచనకు మాత్రం హద్దు గీసింది.

మొదటి సభ్యుడు: ఆ హద్దును చెరిపింది పరిశోధకులు కాదు, ప్రమాదాలే. 2000 మార్చిలో అమెరికాలోని అల్బుకెర్కీ నగరంలో ఉన్న ఫిలిప్స్ చిప్ కర్మాగారంలో పిడుగుపాటుకు మంటలు లేచి, కొద్ది నిమిషాల్లోనే ఆరిపోయినా, పొగ వల్ల క్లీన్ రూములు (చిప్పులు తయారుచేసే, దుమ్ము చేరనివ్వని గదులు) పాడయ్యాయి. అక్కడి చిప్పులు కొనే ఫోన్ల కంపెనీల్లో ఒకటైన నోకియా వెంటనే వేరే చోట్ల నుంచి చిప్పులు సమకూర్చుకుంది. ఆలస్యంగా మేల్కొన్న మరో కంపెనీ ఎరిక్సన్ సుమారు 40 కోట్ల డాలర్ల అమ్మకాలు పోగొట్టుకుంది. ఆ తరువాతే కదా పత్రికల నిండా రిస్క్ వ్యాసాలు!

రెండవ సభ్యురాలు: ప్రమాదం ప్రశ్నను ముందుకు నెట్టిందని ఒప్పుకుంటాను, జవాబు మాత్రం ప్రమాదం ఇవ్వలేదు. ఒక సరఫరాదారు మూతపడితే కోలుకోవడానికి ఎంత కాలం పడుతుందో లెక్కించే పద్ధతితో పరిశోధకుడు డేవిడ్ సిమ్చీ-లెవీ బృందం ఫోర్డ్ సంస్థ సరఫరా వలయాన్ని పరిశీలించినప్పుడు, కంపెనీ అతి తక్కువ డబ్బు వెచ్చించే చవక విడిభాగాల దగ్గర కూడా భారీ నష్టానికి అవకాశం ఉందని తేలింది. ఖర్చుల పట్టికను ఎంతసేపు చూసినా కనబడని విషయమిది. ఆ పరిశీలనపై వ్యాసం అచ్చయింది 2014లో, అంటే మీరు చెప్పిన 2020కి ఆరేళ్ల ముందే.