భూరిమయాంగదమా, మణ్యంగదమా?

పద్యప్రియ: మా అమ్మాయి చేతినిండా రంగురంగుల రబ్బరు గాజులు వేసుకుంటోంది. ఒక్కో రంగుకు ఒక్కో చెడ్డ అర్థం ఉందంటూ తల్లిదండ్రుల గ్రూపులో ఒక జాబితా తిరుగుతోంది. టెన్షన్‌గా ఉంది. తీసెయ్యమని కసరడం కంటే, నగలన్నీ పోయేవే, మంచి మాటే అసలు నగ అనే ఏనుగు లక్ష్మణకవి పద్యం చెబుదామనుకుంటే మొదటి పాదమే తడబడుతోంది. 'భూషలు గావు మర్త్యులకు భూరి' దాకా వచ్చింది. తర్వాత 'మణ్యంగద' అని నోటికొస్తోంది. సరేనా?

ఛందోమిత్ర: కాదండీ. 'ణ్య' ముందున్న 'మ' గురువైపోతుంది. నాలుగో గణం భగణం కావాల్సింది రగణమై ఉత్పలమాల అక్కడే కూలుతుంది. 'భూరిమయాంగద' అనే చదవాలి.

నిఘంటుప్రేమి: పాఠం సరే, అర్థం మాటేమిటి? భూరి అంటే 'చాలా' అని దాటేస్తారు. ఇక్కడ బంగారం. కాకపోతే 'మయ' దేనికి అతుకుతుంది?

ఛందోమిత్ర: మూలమైన సంస్కృత శ్లోకంలో బంగారం లేదు కదా. భర్తృహరి 'కేయూరాణి', అంటే భుజాల నగలు, అని ఊరుకున్నాడు. పదో అక్షరం యతిస్థానం, 'భూషలు'కు సరిపడే 'భూ' కావాలి, భూరి వచ్చింది.

నిఘంటుప్రేమి: యతి కోసమే అంటే ఒప్పుకోను. చివర 'భూషణముల్ నశియించు నన్నియున్' అన్నాడు. ఇత్తడి నగలు పోతాయంటే ఎవరికి పట్టింది? బంగారమూ పోతుందంటేనే ఆ మాటకు బరువు. యతి అవకాశం ఇచ్చింది, కవి వాడుకున్నాడు.

తెలుగు టీచర్: పద్యప్రియ గారూ, ఆ జాబితా పాతదేనండీ. 2003లో అమెరికాలో ఇదే పుకారుకు భయపడి కొన్ని బడులు ఆ గాజులు నిషేధించాయి. 2009లో బ్రిటన్‌లో మళ్లీ అదే గొడవ. ఒక జాబితాలో ఒక రంగుకు ఉన్న అర్థం ఇంకో జాబితాలో ఉండదు. 1980లలో అవే గాజులు ఫ్యాషన్‌గా వేసుకున్నారు. కోప్పడితే అమ్మాయి చెప్పేది కూడా చెప్పడం మానేస్తుంది. 'వీటి గురించి మీ క్లాసులో ఏమనుకుంటున్నారమ్మా' అని మామూలుగా అడగండి. ఎవరైనా ఆ రంగుల పేరుతో ఏడిపిస్తుంటే అప్పుడు బయటపడుతుంది, తప్పు ఏడిపించినవాళ్లది. పద్యం మాత్రం ఇప్పుడు వద్దు. 'భూషలు గావు' అనగానే తనకు తిట్టే వినిపిస్తుంది.

నిఘంటుప్రేమి: అసలు అంగదం భుజానికి పెట్టేది. ముంజేతి గాజులకు ఈ పద్యం వర్తించదు కూడా.

తెలుగు టీచర్: హారాలు, పూలు, పన్నీటి స్నానాలు అన్నీ చెప్పినవాడు గాజులను వదిలేస్తాడా! పైగా నగకు అర్థం దాని రంగులోంచి రాదు. గండపెండేరం ఉత్త కాలి కడియమే. రాయలు 'తానె పాదమునఁ దొడిగె' అని పెద్దన ఒక సీసపద్యంలో చెప్పుకున్నాడు. ఆ 'తానె' లేకపోతే ఆ కడియానికి ఏం విలువ? ఆ ఒక్క ఏకారంలో మొత్తం సభ కనిపిస్తుంది నాకు. పెద్దన ఆ సీసంలో పల్లకి పట్టిన చేతినీ, ఏనుగెక్కించిన చేతినీ ఎంత ప్రేమగా తలుచుకున్నాడో చూడండి.

ఛందోమిత్ర: ఆ సీసం ఎన్నిసార్లు చదివినా తనివి తీరదు. కానీ భూరి సంగతి తేలలేదు. ఏలకూచి బాలసరస్వతి అనువాదంలోనూ, పుష్పగిరి తిమ్మన అనువాదంలోనూ కేయూరాలు బంగారువేనా? పుస్తకాలు దగ్గరున్నవాళ్లు ఆ పాదాలు పెట్టండి. ఇద్దరిలో ఒక్కరు బంగారం అన్నా నా వాదన వదులుకుంటాను.

నిఘంటుప్రేమి: వాళ్లు అనకపోయినా నాది నేను వదలను.