ప్రయోగశాల ఫలకానికి ఆటవెలది: గణం, యతి, "కీర్తిశేషులు"

పాతబెంచీ:
మా కెమిస్ట్రీ మేడమ్ కాలం చేశారు. చివరి ఏళ్లలో కళాశాల డీన్‌గా ఉన్నా, మొదటి సంవత్సరం ప్రాక్టికల్స్ క్లాసు మాత్రం ఆవిడ ఎవరికీ వదల్లేదు. ప్రయోగశాల గుమ్మం పక్కన చిన్న గ్రానైటు ఫలకం పెట్టాలనుకుంటున్నాం. ఏటా మొదటి రోజు ఆవిడ చెప్పే మాట, "ముందు నీళ్లు, తర్వాత ఆమ్లం", పద్యంలో ఉండాలన్నది అందరి కోరిక. దైవం, స్వర్గం లాంటి మాటలు వద్దని కుటుంబం కోరింది. రాసుకున్న చిత్తు ఇది, తప్పులు దిద్దండి.

స్వర్గీయ ఆచార్యాణి (పేరు) గారి స్మృత్యార్థం

ముందు నీళ్లు పోసి మెల్లగా ఆమ్లము
కలపమని చెప్పి కరము బట్టి
చేతి యోర్పు నేర్పి చిత్తమ్ములందున
వెలుగు నింపిన మహా విద్వాంసురాలు

లఘుగురువు:
మూడో పాదం ముట్టుకోవద్దు, అది నిలిచింది. మిగిలిన మూడింటిలో మూడు రకాల తప్పులున్నాయి.

ముందు కొలత చూద్దాం. పొట్టిగా పలికే అక్షరం లఘువు; దీర్ఘమున్నదీ, సున్నా ఉన్నదీ, జంటక్షరానికి ముందున్నదీ గురువు. వాటి గుంపు గణం. ఆటవెలదిలో 1, 3 పాదాలకు మూడు సూర్యగణాలు, వాటి మీద రెండు ఇంద్రగణాలు. 2, 4 పాదాలకు అయిదూ సూర్యగణాలే. సూర్యగణాలు రెండే: మూడు లఘువుల నగణం, గురువు-లఘువు ఉన్న హగణం. ఇంద్రగణాలు ఆరు: నగ, సల, నల, భ, ర, త. ప్రతి పాదంలో మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరంతో యతి, అంటే అక్షరాల పొంతన, కుదరాలి. కుదరకపోతే ప్రాసయతి, అంటే ఆ రెండు చోట్లా రెండో అక్షరాల పొంతన, వేసుకోవచ్చు. ప్రాస నియమం లేదు.

మీ మొదటి పాదం: ముందు | నీళ్లు | పోసి | మెల్లగా | ఆమ్లము. గణాలు సరిపోయాయి, యతి చెడింది. ము, మె రెండింటిలో హల్లు ఒకటే అయినా అచ్చులు వేరే జట్లు. ఉ, ఊ, ఒ, ఓ ఒక జట్టు. ఇ, ఈ, ఎ, ఏ, ఋ ఇంకో జట్టు. యతికి హల్లు, అచ్చు రెండూ కలవాలి. కొత్తగా రాసేవారు ఎక్కువగా జారేది ఇక్కడే, ఎందుకంటే చెవికి మకారం వినిపించగానే కుదిరినట్టే అనిపిస్తుంది. పైగా "మెల్లగా ఆమ్లము" అని సంధి లేకుండా వదిలేశారు. "గా" ద్రుతాంతం, అంటే చివర నకారం దాగి ఉన్న మాట, కాబట్టి "మెల్లగా నామ్లము" కావాలి.

రెండో పాదంలో "కలపమని" అయిదు లఘువులు. రెండు నగణాలకు ఆరు కావాలి. ఒకటి తగ్గేసరికి "చె" వచ్చి "మని చె" అని రెండు లఘువులు, ఒక గురువు అయింది. అది సగణం, సూర్యగణాల్లో లేదు. "కలపమనుచు" అంటే సరిపోతుంది. నాలుగో పాదంలో "నమహా" కూడా అదే సగణం. ఆ తర్వాత "విద్వాంసురాలు" ఆ కొలతలో ఎటు తిప్పినా ఇమడదు. సంస్కృతంలో విద్వాన్ అనే మాటకు స్త్రీలింగం విదుషీ, తెలుగులో విదుషి. మూడు లఘువులు, నగణంలో చక్కగా కూర్చుంటుంది. "వెలుగు" తో వె-వి యతి కూడా వస్తుంది.

నాలుగో పాదం ఇలా మార్చుకోండి: వెలుగు | నింపి | నట్టి | విదుషి | యామె.

పద్యపాదం:
మొదటి పాదానికి నా వంతు:
ఆమ్లమందు నీటి నల్లనల్లన బోసి
ఆమ్ల | మందు | నీటి | నల్లన | ల్లన బోసి. మూడు హగణాలు, తర్వాత ర, సల. "నీటిన్ + అల్లనల్లన" కాబట్టి ఆ-అ యతి. "అల్లనల్లన" అంటే మెల్లమెల్లగా. పాత మాట, వినడానికి బాగుంటుంది.

బ్యూరెట్:
కొలత బాగుంది, మాట కూడా బాగుంది. కానీ ప్రయోగశాల గుమ్మం దగ్గర ఈ పాదం దయచేసి రాయొద్దు. ఆమ్లంలో నీరు పోయమని చెబుతోంది, మేడమ్ చెప్పినదానికి సరిగ్గా తలకిందులు.

గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం సాంద్రత మిల్లీలీటరుకు 1.84 గ్రాములు, నీటిది 1. ఆమ్లం మీద నీళ్లు పోస్తే బరువు తక్కువ కనుక పైనే పొరగా నిలుస్తాయి. రెండూ కలిసే చోట చాలా వేడి పుడుతుంది. ఆ వేడంతా పలుచటి నీటి పొర మీద పడి, నీళ్లు ఒక్కసారిగా మరిగి ఆమ్లాన్ని కూడా పైకి చిమ్ముతాయి. అది పడేది కళ్ల మీద, చేతుల మీద. అదే నీళ్లలో ఆమ్లం పోస్తే బరువైన ఆమ్లం కిందికి దిగుతూ కలుస్తుంది, పుట్టిన వేడిని నీరంతా పంచుకుంటుంది. అలాగని ఒకేసారి కుమ్మరించకూడదు. కొద్దికొద్దిగా పోస్తూ గాజుకడ్డీతో కలియబెట్టాలి. కాబట్టి పద్యంలో వరుస ఎంత ముఖ్యమో, "నెమ్మదిగా" అన్న మాటా అంతే ముఖ్యం. యతి కోసమైనా దాన్ని తీసేయొద్దు.

"చేతి యోర్పు" అన్నది ఎవరు రాశారో కానీ విషయం తెలిసి రాశారు. టైట్రేషన్‌లో (ఒక ద్రావణాన్ని చుక్కచుక్కగా పోస్తూ ఇంకోదాని గాఢత కొలిచే పద్ధతి) చివరి ఘట్టం అంతా చేతి ఓర్పే. రంగు మారే వేళకు బ్యూరెట్ (చుక్కలుగా వదిలే కొలత గొట్టం) నుంచి పూర్తి చుక్క కూడా వదలరు. కొన దగ్గర సగం చుక్క వేలాడగానే దాన్ని ఫ్లాస్కు గోడకు తాకించి, కాసిని స్వేదనజలంతో లోపలికి కడుగుతారు. ఆమ్లాన్ని క్షారంతో టైట్రేట్ చేసేటప్పుడు ఫినాఫ్తలీన్ సూచిక లేత గులాబీ రంగు అర నిమిషం నిలవాలి. ముదురు గులాబీ వచ్చిందంటే ఆపాల్సిన బిందువు దాటిపోయినట్టే, ఆ రీడింగు పనికిరాదు.

పాతబెంచీ:
మీరు చెప్పిన సగం చుక్క సరిగ్గా ఆవిడ పద్ధతే. ఫ్లాస్కు కింద తెల్ల కాగితం పెట్టించేవారు. రంగు నిలిచిందో లేదో పిల్లలే చెప్పాలి, ఆవిడ చెప్పేవారు కాదు. డీన్ గదిలో సంతకాల కోసం జనం కాచుకుని ఉన్నా ఆ అర నిమిషం అయ్యేదాకా బల్ల దగ్గరనుంచి కదిలేవారు కాదు.

లఘుగురువు:
అయితే వరుస మారకుండా, యతి చెడకుండా ఇదిగో:

నీరు ముందు పోసి నెమ్మదిగా నందు
నామ్లమును గలుపగ నానతిచ్చి
చేతి యోర్పు నేర్పి చిత్తమ్ములందున
వెలుగు నింపినట్టి విదుషి యామె

1: నీరు | ముందు | పోసి | నెమ్మది | గా నందు. హ, హ, హ, భ, త. యతి నీ-నె.
2: నామ్ల | మునుగ | లుపగ | నాన | తిచ్చి. హ, న, న, హ, హ. "అందున్ + ఆమ్లము", "కలుపగన్ + ఆనతి": రెండు చోట్లా ద్రుతం మీద ఆ, కాబట్టి యతి నిక్కచ్చిగా కుదిరింది.
3: చేతి | యోర్పు | నేర్పి | చిత్తమ్ము | లందున. హ, హ, హ, త, భ. యతి చే-చి.
4: వెలుగు | నింపి | నట్టి | విదుషి | యామె. న, హ, హ, న, హ. యతి వె-వి.

"కరము బట్టి" తీసేశాను. తర్వాతి పాదంలోనే చేయి ఉంది, రెండుసార్లు అక్కర్లేదు.

పద్యపాదం:
నా పాదం వెనక్కి తీసుకుంటున్నా, బ్యూరెట్ గారు చెప్పింది నిజం. ఒక సందేహం. అంత పెద్దావిడను "ఆమె" అనడం గౌరవంగా ఉంటుందా?

లఘుగురువు:
పద్యంలో ఏకవచనం తక్కువ చేయడం కాదండి. దేవుణ్ణీ రాజునూ కూడా మన పద్యం "నీవు" అనే పిలిచింది. పైన పేరు పక్కన "గారు" ఉంటుంది కదా, చాలు.

తాటాకు:
పద్యం పైన ఉన్న వాక్యంలో మూడు మార్పులు కావాలి.

"స్వర్గీయ" అంటే స్వర్గానికి సంబంధించిన. "దివంగత" కూడా అంతే, దివమ్ అంటే స్వర్గం, అక్కడికి వెళ్లిన అని. పత్రికలు అందరికీ వాడుతున్నాయి నిజమే కానీ, కుటుంబం వద్దన్నది సరిగ్గా ఆ అర్థాన్నే. "పరమపదించిన", "శివైక్యం చెందిన" అన్నవి ఇంకా స్పష్టంగా ఒక్కో సంప్రదాయానివి. "కీర్తిశేషులు" వేయండి. కీర్తియే శేషంగా గలవారు, బహువ్రీహి. చనిపోయాక మనిషి ఎక్కడికి వెళ్లారో ఆ మాట చెప్పదు, ఇక్కడ ఏం మిగిల్చారో చెబుతుంది. సైన్సు చెప్పినావిడకు ఇంతకన్నా తగిన మాట తెలుగులో నాకు కనబడదు. బహువచన గౌరవం కాబట్టి ఆడవారికైనా మగవారికైనా అదే రూపం.

"ఆచార్యాణి" వెంటనే తీసేయండి. సంస్కృతంలో తానే బోధించే స్త్రీ ఆచార్యా. ఆచార్యుడి భార్య ఆచార్యానీ, అక్కడ కూడా నకారమే, ణకారం రాదు. అంటే గౌరవం అనుకుని ఆవిడ ఉద్యోగాన్ని భర్తకు ఇచ్చినట్టవుతుంది. మన విశ్వవిద్యాలయాల వాడుకలో "ఆచార్య" ప్రొఫెసర్ హోదాకు పేరు ముందు పెట్టే మాట, స్త్రీపురుషులిద్దరికీ ఒకటే. ఆ హోదా ఉంటే "ఆచార్య" అని రాయండి. లేకపోతే "రసాయనశాస్త్ర అధ్యాపకురాలు" అనండి, అందులో తక్కువేమీ లేదు.

"స్మృత్యార్థం" తప్పు. స్మృతి + అర్థం, యణాదేశ సంధి, స్మృత్యర్థం. దీర్ఘం ఎక్కడినుంచి వచ్చిందంటే "జ్ఞాపకార్థం" నుంచి. అక్కడ జ్ఞాపక + అర్థం, అకారం మీద అకారం కాబట్టి సవర్ణదీర్ఘం. స్మృతి ఇకారాంతం, దానికి ఆ దీర్ఘం రాదు.

పాతబెంచీ:
డీన్‌కు తెలుగు మాట పెట్టాలా?

తాటాకు:
పెట్టకండి. తెలుగు విశ్వవిద్యాలయంలో "పీఠాధిపతి" ఉంది, అక్కడ విభాగాలకు పీఠాలని పేరు కాబట్టి కుదిరింది. కళాశాల గోడ మీద చదివేవాళ్లకు మఠం గుర్తొస్తుంది. డీన్ అందరికీ తెలిసిన మాట.

అచ్చుపని:
చెక్కించే ముందు రెండు సంగతులు. "డీన్‌గా" టైపు చేసేటప్పుడు న్ తర్వాత కనబడని విడదీత అక్షరం పడాలి. అది లేకపోతే "డీన్గా" అని గ వత్తు కిందికి వెళ్తుంది. చాలాచోట్ల చెక్కేవారు యూనికోడ్ పాఠాన్ని పాత అను ఫాంటులోకి మారుస్తారు, ఆ మార్పిడిలో ఇలాంటివి ఎగిరిపోతాయి. వాట్సాప్‌లో పాఠం పంపకుండా పీడీఎఫ్ పంపండి. వాళ్లు మార్చిన ప్రూఫు తెప్పించుకుని ఒక్కో అక్షరం పోల్చి చూడండి.

రెండోది, వరుసల మధ్య ఎడం. ఈ పద్యంలో నెమ్మది, ఆమ్ల, ఓర్పు, చిత్తమ్ము, నట్టి అని ప్రతి పాదంలోనూ వత్తులున్నాయి. ఎడం తక్కువైతే పై వరుస వత్తు కింది వరుస గుడికి తగులుతుంది. "చిత్తమ్ము" కింద సరిగ్గా "విదుషి" గుడులు వస్తాయి, అక్కడ ముందుగా చూడండి.

బ్యూరెట్:
"నందు / నామ్లమును" దగ్గర కొత్త పిల్లలు తడబడతారు. పద్యం కింద చిన్న అక్షరాల్లో వాడుకభాషలో ఒక వాక్యం పెట్టండి: "ముందు నీళ్లు, తర్వాత నెమ్మదిగా ఆమ్లం." ఆవిడ మాటే, "నెమ్మదిగా" ఒక్కటి కలిపి.

పాతబెంచీ:
అందరికీ ధన్యవాదాలు. ఆవిడ ప్రొఫెసరే, కాబట్టి చివరి పాఠం ఇది:

కీర్తిశేషులు ఆచార్య (పేరు) గారి స్మృత్యర్థం
రసాయనశాస్త్ర అధ్యాపకురాలు, డీన్

దాని కింద పద్యం, పద్యం కింద బ్యూరెట్ గారు చెప్పిన వాక్యం, ఆ కింద "పూర్వవిద్యార్థులు". "నెమ్మదిగా" అని ఉంటుంది కాబట్టి ఆవిడ నోటి మాటకు అదొక్కటి కలిపినట్టు అవుతుంది, దానికి కుటుంబం ఒప్పుకుంది. ప్రూఫు రాగానే ఇక్కడే పెడతాను.