నాయన వదిలిపోయిన హెచ్ఎంటీ వాచీ, ఆగిపోతోంది, ఏం చేయాలి?

కావలి_కుర్రోడు: మా నాయన వాచీ బీరువాలో దొరికింది. డయల్ మీద హెచ్ఎంటీ, కింద హిందీలో జనతా అని ఉంది, 17 జ్యువెల్స్ అని కూడా. కీ ఇస్తే కాసేపు తిరిగి ఆగిపోతోంది. నెల్లూరు ట్రంక్ రోడ్డులో ఒక షాపులో చూపిస్తే డయల్‌కి రంగేసి పాలిష్ పట్టిస్తే కొత్తదైపోతుందన్నారు, అమ్మ కూడా సరే అంటోంది. చేయించమంటారా?

ఒంగోలు_గిత్త: వద్దు తమ్ముడూ, డయల్ మీద చెయ్యి వేయనివ్వొద్దు. 1961లో జపాన్ సిటిజన్ కంపెనీ తోడ్పాటుతో బెంగళూరులో మొదలైన వాచీలవి, 2016లో కేంద్రం ఆ వాచీల కంపెనీని మూసేయాలని నిర్ణయించాక వీటికి గిరాకీ పెరిగింది, దాంతో రంగులేసిన డయళ్లు మార్కెట్ నిండా వచ్చిపడ్డాయి. భూతద్దంలో చూస్తే తెలిసిపోతుంది: అసలుదాంట్లో అక్షరాల అంచులు సన్నగా, గీతగీసినట్టు ఉంటాయి, నిమిషాల గీతలన్నీ ఒకే పొడవు. రంగేసినదాంట్లో సిరా కాస్త పాకి ఉంటుంది, గీతలు ముల్లు కొనతో కలవవు. మీ నాయన చూసుకున్న డయల్ పసుపు తిరిగినా అదే ఉండాలి.

కందుకూరు_అక్క: ఆగిపోవడానికి చాలాసార్లు కారణం లోపల నూనె ఎండిపోవడమే. అలా ఎండిపోయినదానికి రోజూ కీ ఇచ్చి నడిపిస్తే చిన్నచిన్న ఇరుసులు అరిగిపోతాయి, కాబట్టి సర్వీసు అయ్యేదాకా పక్కన పెట్టు బాబూ. సర్వీసంటే పైన ఒక చుక్క నూనె వేసి ఇవ్వడం కాదు, మొత్తం విప్పి కడిగి మళ్ళీ నూనె పెట్టడం. ముందే అడుగు, "విప్పి కడుగుతారా?" అని. మార్చిన పాత పార్టులు తిరిగి ఇవ్వమను, ఇచ్చేవాళ్ళు నమ్మకస్తులు.

కావలి_కుర్రోడు: అద్దం మీద గీతలున్నాయక్కా, అదీ మార్పించాలా?

కందుకూరు_అక్క: ప్లాస్టిక్ అద్దమైతే మార్చక్కర్లేదు. మెత్తటి గుడ్డ మీద కాస్త టూత్‌పేస్ట్ పెట్టి నెమ్మదిగా రుద్దితే పైపై గీతలు పోతాయి. అంచుల్లోకి పేస్ట్ దిగకుండా చూసుకో. పగిలితేనే మార్పించు.

పెన్నా_ఒడ్డు: మన సముద్రపు గాలికి, ఎండాకాలం చెమటకి తోలు పట్టీ నిలవదు, నైలాన్ పట్టీ వేసుకో. అద్దం లోపల ఆవిరి పడితే మాత్రం అదే రోజు విప్పించు, తుప్పు పట్టిందంటే పార్టులు దొరకడం కష్టం. ఇంకోటి, ఉన్నట్టుండి నిమిషాలకు నిమిషాలు ముందుకు పోతుంటే అయస్కాంతం పట్టిందేమో చూపించు. స్పీకర్ల పక్కన పెట్టినా పడుతుంది. షాపులో దానికి చిన్న యంత్రం ఉంటుంది, క్షణాల్లో తీసేస్తారు.

ఒంగోలు_గిత్త: బాగయ్యాక రోజూ ఒకే వేళకి కీ ఇవ్వు, బిగిసినట్టు అనిపించగానే ఆపెయ్. చేతికి పెట్టుకున్నప్పుడు కాదు, తీసి ఇవ్వాలి, లేకపోతే కీ ఇరుసు వంకరవుతుంది.

కావలి_కుర్రోడు: అమ్మకి చెప్పాను, డయల్ అలాగే ఉంచమంది. సోమవారం సర్వీసుకి ఇస్తున్నా.