‘శాంతి స్థాపన’ అనాలా, ‘అణచివేత’ అనాలా? పోర్చుగీసు గవర్నరు మోజీన్యు జీవితం తెలుగు చేస్తుంటే వచ్చిన చిక్కు

ప్రశ్న

అందరికీ నమస్కారం. మొజాంబిక్‌ని ఏలిన పోర్చుగీసు సైనికాధికారి జుఆకీం అగుస్తు మోజీన్యు ద అల్బుకెర్క్ మీద ఒక వ్యాసం తెలుగు చేస్తున్నాను. 1855లో పోర్చుగల్‌లోని బటాల్యలో పుట్టాడు, 1902 జనవరిలో లిస్బన్‌లో గుర్రపు బండిలో కూర్చుని తుపాకీతో కాల్చుకుని పోయాడు. బతికింది నలభై ఆరేళ్లే. ఆఫ్రికాలో ఆయన చేసిన యుద్ధాలన్నిటికీ కలిపి మూలంలో ‘పసిఫికసావ్’ అనే మాట వాడారు. నిఘంటువు ‘శాంతింపజేయుట’ అంటోంది. ‘మొజాంబిక్‌లో శాంతిని స్థాపించాడు’ అని రాసి పైకి చదువుకుంటే నాకే ఎబ్బెట్టుగా ఉంది. పక్క పేరాలోనే రాజధాని తగలబెట్టడం, పట్టుబడ్డవాళ్లని కాల్చి చంపడం ఉన్నాయి. పోనీ ‘అణచివేత’ అందామంటే మూలంలో లేని తీర్పు నేను చేర్చినట్టు అవుతుందేమోనని టెన్షన్. ఏం రాయమంటారు?

మొదటి జవాబు

అణచివేత అని రాసెయ్యండి. వాళ్ల ముద్దు మాటలు మనమెందుకు మోయాలి? 1879 నాటి రంప తిరుగుబాటుని దొరల కాగితాల్లో ‘ఫితూరీ’ అన్నారు. మనమూ చాలాకాలం మన్యం పితూరీ అనే అన్నాం. ఇప్పుడు పితూరీ అంటే ఒకరి మీద ఇంకొకరికి చాడీ చెప్పడమే. ఏలేవాడి మాటని అలాగే తెచ్చుకుంటే చివరికి ఇలాగే తయారవుతుంది.

మాస్టారి జవాబు

అమ్మా, మీ ఇబ్బంది నిజమైనదే. పై జవాబులో ఉన్న ఆవేశమూ న్యాయమైనదే. కానీ ఈ మనిషి జీవితం మొత్తానికి ఒకే మాట అతికించాలని చూస్తే ఏ మాటైనా ఎక్కడో ఒకచోట తప్పుతుంది.

ముందు మాట సంగతి. మెత్తని మాటతో గట్టి దెబ్బని కప్పడం మనకేం కొత్త కాదు. ‘దొంగకు దేహశుద్ధి’ అని పేపర్లో హెడ్డింగు చూస్తే వాడికి స్నానం చేయించారని ఎవరూ అనుకోరు. ‘బడితెపూజ’లో పూజా అంతే. తేడా ఎక్కడంటే, మన మాటల్లో వెటకారం పైకే వినిపిస్తుంది. పోర్చుగీసు మాటలో వెటకారం లేదు. అది సర్కారు మాట. 1890ల నుంచి ఇరవై ఏళ్లకు పైగా అంగోలా, మొజాంబిక్, గినీల్లో వాళ్లు నడిపిన యుద్ధాలన్నీ వాళ్ల కాగితాల్లో ‘శాంతి దండయాత్రలే’. అందుకని దేహశుద్ధి లాంటి మాట పెడితే అర్థం దగ్గరగా వచ్చినా గొంతు మారిపోతుంది. మూలంలో లేని నవ్వు వచ్చి చేరుతుంది.

ఇక మనిషి సంగతి. ఇది తెలియకుండా మాట తేలదు.

మోజీన్యు అశ్వదళం అధికారి. కోయింబ్రాలో గణితం కూడా చదివాడు. ఆఫ్రికాకంటే ముందు మన వైపే వచ్చాడు. 1886లో గోవాలో మార్ముగోవా రైలుమార్గం తనిఖీ ఉద్యోగం, 1888లో పోర్చుగీసు ఇండియా ప్రభుత్వానికి సెక్రటరీ జనరల్. విజయవాడ నుంచి అమరావతి ఎక్స్‌ప్రెస్‌లో వాస్కోకి వెళ్లేవాళ్లు దూద్‌సాగర్ దగ్గర కిటికీలకి అతుక్కుపోతారే, ఆ లైనే. 1890 నుంచి 92 దాకా లోరెన్సు మార్కిష్ (ఇప్పటి మపూతో) జిల్లా గవర్నరు. అప్పటిదాకా ‘పసిఫికసావ్’ ఊసు పెద్దగా లేదు. మామూలు పరిపాలన.

1890 జనవరి 11న బ్రిటన్ పోర్చుగల్‌కి తాఖీదు పంపింది: అంగోలాకీ మొజాంబిక్‌కీ మధ్య నేల వదిలి మీ సైన్యం వెనక్కి పోవాలి, లేదంటే తెగదెంపులే అని. లిస్బన్‌కి అది తీరని అవమానం. ‘ఈ నేల మాది’ అని యూరప్‌కి చూపించాలంటే కాగితం చాలదు, అక్కడ నిజంగా ఏలుతున్నట్టు కనపడాలి. దక్షిణ మొజాంబిక్‌లో అప్పుడు నిజంగా ఏలుతున్నది గజా రాజ్యపు రాజు గుంగున్యాన. (పాలస్తీనా గాజా కాదు. మీ వ్యాసంలో ‘గజా’ అనే రాయండి, లేకపోతే పాఠకులు తికమక పడతారు.) ఇతను గట్టి రాజకీయవేత్త. 1885లో పోర్చుగల్‌కి సామంతుణ్ణని ఒప్పుకున్నాడు. 1890లో బ్రిటిష్ వ్యాపారి సెసిల్ రోడ్స్ కంపెనీతో వెయ్యి తుపాకులు, ఇరవై వేల తూటాలు, ఏటా 500 పౌన్లకి బేరం కుదుర్చుకున్నాడు. ఇద్దరి మధ్య నెగ్గుకొద్దామనుకున్నాడు. 1891లో బ్రిటన్, పోర్చుగల్ ఒప్పందం చేసుకుని సరిహద్దు గీసుకోవడంతో ఆ దారి మూసుకుపోయింది.

1894లో లోరెన్సు మార్కిష్ చుట్టుపక్కల రొంగా తెగ పెద్దలు పోర్చుగీసువాళ్ల మీద లేచారు. ఓడిన ఇద్దరు గుంగున్యానని శరణు కోరారు. వాళ్లని అప్పగించమని పోర్చుగల్ అడిగింది, ఇతను నానబెట్టాడు. 1895లో రాజ ప్రతినిధిగా వచ్చిన అంతోనియు ఎనెష్ (నాటకాలు రాసే పత్రికా రచయిత, విచిత్రం చూడండి) యుద్ధం నడిపించాడు. నవంబరులో కూలేలా దగ్గర గజా సైన్యం ఓడింది, కొద్ది రోజులకే రాజధాని మంజకాజ్‌ని తగలబెట్టారు. డిసెంబరులో మోజీన్యుని గజా సైనిక గవర్నరుగా వేశారు. అప్పటికి అతను కెప్టెన్ మాత్రమే. యాభై మంది దాకా పోర్చుగీసు సైనికులు, కొంత ఆఫ్రికన్ సహాయక బలంతో వానల్లో నడిచి, డిసెంబరు 28న షైమీత్ చేరాడు. అది గుంగున్యాన తాత, గజా రాజ్యం స్థాపించిన సొషంగానె సమాధి ఉన్న ఊరు. రాజు అక్కడికెందుకు వెళ్లాడో మనలాంటివాళ్లకి చెప్పక్కర్లేదు. మోజీన్యు కంచె లోపలికి దూరి రాజుని పట్టుకుని, అందరి ముందూ నేల మీద కూర్చోబెట్టాడు. రాజు బాబాయి కెతునీ, సలహాదారు మన్యూన్‌నీ అక్కడికక్కడే కాల్పించాడు.

దీన్ని శాంతి స్థాపన అనడానికి తెలుగులో ఏ సందర్భమూ ఒప్పుకోదు. అలాగని ‘అణచివేత’ కూడా నాకు నచ్చదు. అణచడానికి ముందు ఎవరో లేచి ఉండాలి కదా? గుంగున్యాన ఎవరి మీద లేచాడు? తన రాజ్యంలో తను ఉన్నాడు. 1885 నాటి సామంత కాగితాన్ని నిజమని ఒప్పుకుంటేనే అది తిరుగుబాటు, ఇది అణచివేత. అంటే మొదటి జవాబు ఇచ్చిన మిత్రుడు పోర్చుగీసువాణ్ణి తిట్టబోయి, వాడి హక్కుపత్రం మీద సంతకం పెట్టేశారన్నమాట. 1895కి సరైన మాట ‘యుద్ధం’. లేదా ‘గజా రాజ్యాన్ని జయించడం’. అంతే.

అదే 1897 సంగతి వేరు. అప్పటికి మోజీన్యు మొజాంబిక్ మొత్తానికీ గవర్నరు జనరల్ అయ్యాడు, తర్వాత రాజ ప్రతినిధి కూడా. గజాలో పోర్చుగీసు పాలన నిజంగానే కూర్చుంది. గుంగున్యాన సేనాపతి మగిగ్వాన దాని మీద తిరగబడ్డాడు. జులైలో మకొంతెన్ దగ్గర ఓడి, ఆగస్టులో చనిపోయాడు. ఇక్కడ ‘తిరుగుబాటును అణచివేశాడు’ అని నిక్షేపంగా రాయొచ్చు. ఇక ఉత్తరాన మకువా జాతిలోని నమర్రాయ్‌ల మీద 1896లో వెళ్లిన మొదటి దండు దెబ్బతిని వెనక్కి వచ్చింది, మరుసటి ఏడు మళ్లీ వెళ్లారు. అటువైపు పోర్చుగీసు అదుపు పూర్తిగా రావడానికి ఆ తర్వాత ఇంకా చాలా ఏళ్లు పట్టింది. అది ‘దండయాత్ర’.

కాబట్టి నా సలహా: మూలం ఎక్కడ సర్కారు పేరుగా వాడిందో అక్కడ ‘పోర్చుగీసు ప్రభుత్వం శాంతి స్థాపన అని పిలిచిన యుద్ధాలు’ అని ఒక్కసారి పూర్తిగా రాయండి. ఆ తర్వాత ఏది జరిగితే ఆ పని పేరు పెట్టండి. మీ తీర్పు చేర్చినట్టూ కాదు, వాళ్ల తీర్పు మోసినట్టూ కాదు.

మొదటి జవాబు ఇచ్చినవారు

సంతకం పెట్టించారు మాస్టారూ, బాగుంది. కానీ ఒకటి. ‘యుద్ధం’ అంటే సమ ఉజ్జీలు అనిపిస్తుంది. ఒకవైపు మరఫిరంగులు, ఒకవైపు ఈటెలు.

మాస్టారు

సమ ఉజ్జీలు కాకపోయినా యుద్ధం యుద్ధమే. ఆయుధాల తేడా వాక్యంలో చెప్పండి, నామవాచకం మీద ఆ బరువంతా వెయ్యకండి. పైగా గజా వాళ్లు కూడా నిన్నటి విజేతలే. దక్షిణాన్నుంచి వచ్చి త్సోంగా, చోపీ జనాల్ని లొంగదీసుకున్న ఎన్‌గూనీలు. మంజకాజ్‌కి రాజధాని మార్చినప్పుడు చోపీలు పడ్డ బాధలు తక్కువేం కాదు. అందుకే చోపీలు చాలామంది పోర్చుగీసు వైపు నిలబడ్డారు. అన్యాయానికి గురైన ఒకే ఒక్క ‘ప్రజ’ అని రాస్తే వాళ్లు మాయమైపోతారు.

ప్రశ్న అడిగినవారు

చాలా థాంక్స్ మాస్టారూ. ఇంకో మాట కూడా ఇబ్బంది పెడుతోంది. మూలంలో గుంగున్యానని కొన్నిచోట్ల రాజు అని, కొన్నిచోట్ల ‘రెగులు’ అని అన్నారు. దానికి ‘నాయకుడు’ వాడాను. సరిపోతుందా?

ఇంకొకరు

రెగులు అంటే లాటిన్‌లో చిన్నరాజు. ఆఫ్రికన్ పెద్దలందరికీ పోర్చుగీసువాళ్లు అదే తగిలించారు. ‘దొర’ అనొచ్చేమో. మన ఏజెన్సీలో ముఠాదారుల్ని దొర అనేవారు కదా.

మాస్టారు

దొర వద్దు. తెలుగు పాఠకుడికి దొర అంటే ముందు తెల్లవాడూ, తర్వాత తెలంగాణ భూస్వామీ కనిపిస్తారు. కథంతా తలకిందులవుతుంది. ‘నాయకుడు’ అంటే ఎన్నికలు గుర్తొస్తాయి. చిన్న తెగల పెద్దలకి ‘పెద్ద’ చాలు, గుంగున్యానకి ‘రాజు’ అనండి. ఎక్కడైతే పోర్చుగీసు అధికారి కావాలని అతన్ని తగ్గించి మాట్లాడుతున్నాడో అక్కడ ‘ఆ చిన్నపాటి రాజు’ అంటే ఆ చులకన వినిపిస్తుంది.

ఒక విషయం గమనించండి. చిన్నరాజు అంటూనే, అతన్ని పట్టుకున్నందుకు కెప్టెన్‌ని మేజర్ చేశారు, దేశమంతా ఊరేగింపులు జరిపారు. 1896 మార్చిలో గుంగున్యానని లిస్బన్‌లో దించి, వీధుల్లో జనానికి చూపించారు. తర్వాత అజోర్స్ దీవుల్లోని తెర్సెయిర కోటకి పంపారు. వెంట వచ్చిన ఏడుగురు భార్యల్ని విడదీసి సావ్ తొమే దీవికి పంపారు. 1899లో బాప్తిస్మం ఇచ్చి రెయినాల్దు ఫ్రెదెరీకు అని పేరు మార్చారు. 1906లో అక్కడే పోయాడు. నిజంగా చిన్నరాజైతే ఇంత హడావిడి దేనికి?

తర్వాతి సంగతి కూడా మీ వ్యాసంలో ఉంటే బాగుంటుంది. 1940లో లోరెన్సు మార్కిష్ నడిబొడ్డున గుర్రం మీద మోజీన్యు విగ్రహం పెట్టారు. స్వాతంత్ర్యం వచ్చాక తీసి పాత కోటలో పెట్టారు. 1985లో గుంగున్యాన సమాధి మట్టిని అజోర్స్ నుంచి తెప్పించి, చెక్కిన చెక్కపేటికలో అదే కోటలో ఉంచారు. పట్టుకున్నవాడూ, పట్టుబడ్డవాడూ ఒకే ప్రాకారం లోపల ఉన్నారిప్పుడు. షైమీత్ పేరు మాత్రం పోర్చుగల్‌లో ఒక సాయుధ వాహనానికి పెట్టుకున్నారు. 1974 ఏప్రిల్ 25న నియంతృత్వం కూలినప్పుడు ప్రధాని కయితానుని లిస్బన్‌లోని కార్ము బ్యారక్స్ నుంచి ఎక్కించుకుపోయింది ఒక షైమీత్‌లోనే.

ఇంకొకరు

మధ్యలో వస్తున్నందుకు క్షమించండి. పేరు ‘మౌజిన్హో’ కదా? ఇంగ్లిష్ అక్షరాల్లో అలాగే ఉంది.

మాస్టారు

ఇంగ్లిష్ కళ్లద్దాలు తీసి చూడండి. పోర్చుగీసులో ఎన్, హెచ్ కలిస్తే మన ఞ. చివరి ఓ వాళ్ల నోట్లో ఉ అవుతుంది. అసలు ‘మోజీఞు’ అని రాస్తే అచ్చంగా సరిపోతుంది. కానీ ఆ అక్షరాన్ని ఒంటరిగా చూసి ఎన్నాళ్లయిందో, పాఠకులు తడబడతారు. మీరు రాసిన మోజీన్యు చాలు.

ప్రశ్న అడిగినవారు

చివరి సందేహం. 1898లో లిస్బన్ నుంచి వచ్చిన ఉత్తర్వు రాజ ప్రతినిధి అధికారాలకి కత్తెర వేస్తే మోజీన్యు రాజీనామా చేశాడు. తిరిగి వెళ్లాక యువరాజు లూయిష్ ఫిలీప్‌కి ‘ఆయు’గా నియమించారట. ట్యూటర్ అనెయ్యనా?

మాస్టారు

ట్యూటర్ అంటే సాయంత్రం వచ్చి లెక్కలు చెప్పి పోయేవాడు. ఆయు అంటే యువరాజు చదువు, నడవడి, పెంపకం అన్నిటికీ బాధ్యుడు. తమాషా ఏమిటంటే ఆ మాటకి స్త్రీలింగం మన దగ్గర ఎప్పటినుంచో ఉంది. స్కూళ్లలో, ఆస్పత్రుల్లో మనం పిలిచే ‘ఆయా’ పోర్చుగీసు మాటే. మేస్త్రీ, పీపా, వేలం వచ్చిన దారినే వచ్చింది. రాజుల ఇంట పుంలింగం పెద్ద పదవి, మన దాకా వచ్చిన స్త్రీలింగం చిన్న జీతం.

ఈ మనిషికి ఆ పదవి సరిపడలేదు. అధికారం చెలాయించడం అలవాటైన సైనికుడు, రాజాస్థానంలో మాటలు పడాల్సి వచ్చింది. 1902లో ఎందుకు కాల్చుకున్నాడన్నదాని మీద పోర్చుగల్‌లో ఇప్పటికీ వాదనలు నడుస్తూనే ఉంటాయి, మీ వ్యాసంలో వాటి జోలికి పోకపోవడమే మంచిది. ‘ఆయు’కి ‘యువరాజు పెంపకం, చదువు చూసే అధికారి’ అని విడగొట్టి రాయండి. ఒక్క మాటలోనే కావాలని పట్టుబడితే ‘సంరక్షకుడు’. ‘రాజగురువు’ మాత్రం వద్దు, గడ్డం, కమండలం కనిపిస్తాయి.